ఇంజనీరుగా పనిచేసిన నాన్న గురించి రాసిపెట్టుకోవాలంటే

నాన్న పోయాక పేపర్లో ఫొటో వేయిస్తాం, పెద్దకర్మ రోజున ఫ్లెక్సీ కడతాం, దాని మీద మృదుస్వభావి, అజాతశత్రువు, ఆదర్శప్రాయుడు అని రాయిస్తాం. ప్రేమతోనే రాయిస్తాం, అందులో తప్పేం లేదు. కానీ ముప్ఫై అయిదేళ్లు కాలువ గట్ల మీదో సబ్‌స్టేషన్లోనో ఫ్యాక్టరీ షాపులోనో పనిచేసి, రాత్రి భోజనం అయ్యాక రేడియో విప్పుకుని కూర్చుని, సైటు నుంచి ఎంత అలసిపోయి వచ్చినా పిల్లల లెక్కల పుస్తకం ఒకసారి తిప్పి చూడకుండా పడుకోని మనిషి ఆ మూడు మాటల్లో ఎక్కడా కనపడడు. పదేళ్ల తర్వాత మనవడు అడిగితే చెప్పడానికి ఏదీ మిగలదు.

మా నాన్న ఇరిగేషన్‌లో చేశారు, హామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని ఇంట్లోని సొంత రేడియో సెట్టుతో దూరదేశాలవాళ్లతో మాట్లాడడం, ఆయన సరదా. ఆయన పోయాక ఇంట్లోవాళ్లం కలిసి ఆయన గురించి ఒక చిన్న పుస్తకం తయారుచేసుకున్నాం. ఆ పనిలో తెలిసినవి ఇక్కడ రాస్తున్నాను. మీ నాన్నగారు కరెంటు డిపార్ట్‌మెంటులోనో, రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లోనో, విశాఖ ఉక్కులోనో చేసి ఉండొచ్చు, ఆయన సరదా స్టాంపులో ఫొటోలో హార్మోనియమో అయ్యుండొచ్చు, అయినా ఇందులో చాలా భాగం పనికొస్తుంది. ఆయన ఇంకా మీ మధ్యే ఉంటే మరీ మంచిది, ఈ ఆదివారమే పక్కన కూర్చుని అడగడం మొదలుపెట్టండి.

నేను గట్టిగా నమ్మేది ఒకటే. ఇంజనీరు గురించి రాసేటప్పుడు ఆయన గుణాలు రాయకండి, చేసిన పనులు రాయండి. ఏ పని, ఏ పనిముట్టుతో, ఎవరితో కలిసి, ఎలా చేశారు అనేది సరిగ్గా రాస్తే ఆయన ఎలాంటివారో చదివేవాళ్లకే తెలిసిపోతుంది.

పేరున్న ఇంజనీర్లను ఎటూ లోకం గుర్తుపెట్టుకుంటుంది. ధవళేశ్వరం ఆనకట్టను 1852లో పూర్తిచేసిన కాటన్ దొరను గోదావరి జిల్లాల్లో భగీరథుడని శ్లోకంలో తలుచుకుంటారు, ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నారు. విశ్వేశ్వరయ్యగారు పుట్టిన సెప్టెంబర్ 15 దేశమంతా ఇంజనీర్స్ డే, నవాబ్ అలీ నవాజ్ జంగ్ పుట్టిన జులై 11 తెలంగాణలో ఇంజనీర్స్ డే, పులిచింతల ప్రాజెక్టుకు కె.ఎల్. రావుగారి పేరు పెట్టారు. వాళ్లు కాగితం మీద గీసినదాన్ని నేల మీదకు తెచ్చిన ఏఈలు (అసిస్టెంట్ ఇంజనీర్లు), డీఈలు (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్లు), ఓవర్‌సీర్లు, వర్క్ ఇన్‌స్పెక్టర్ల గురించి మాత్రం ఇంట్లోవాళ్లు రాయకపోతే ఇంకెవరూ రాయరు.

మొదటి పన్నెండు రోజులు

ఈ మాట ఇప్పుడు చెప్పడం కష్టంగానే ఉంటుంది, కానీ ఆయనతో పనిచేసినవాళ్లు ఎక్కువమంది ఒకేచోట దొరికేది ఆ పన్నెండు రోజుల్లోనే. ఎప్పుడో రిటైరైన సహోద్యోగులు, పాత డ్రైవరు, కాలనీలో పక్క క్వార్టర్‌లో ఉన్నవాళ్లు, అందరూ ఒకసారి వచ్చి కూర్చుని నాలుగు మాటలు చెప్పి వెళ్తారు, వాళ్లలో చాలామందికి డెబ్బై అయిదు దాటి ఉంటాయి. కర్మ చేసే కొడుకు, అమ్మ, ఈ పని చూసుకోలేరు. అందుకని మేనకోడలికో అల్లుడికో, కాస్త ఓపికగా మాట్లాడగలిగినవాళ్లకు ఇది అప్పగించండి. ఒక నోటుబుక్కు, ఫోన్‌లో రికార్డర్ చాలు. "అంకుల్, మీరు చెప్పేది రికార్డు చేసుకోవచ్చా, పిల్లలకు దాచిపెడదామని" అని అడిగితే కాదనేవాళ్లు దాదాపు ఉండరు.

అడిగే ప్రశ్న ముఖ్యం. "నాన్నగారు ఎలాంటివారండీ" అంటే "దేవుడమ్మా" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. దానికి బదులు ఇద్దరూ ఏ సైటులో కలిశారో అడగండి. పొద్దున్న ఎన్నింటికి బయల్దేరేవారు, జీపు ఉండేదా సైకిలేనా, మధ్యాహ్నం ఎక్కడ తినేవారు, కాంట్రాక్టరుతో గొడవైతే ఏం చేసేవారు, కోపం వస్తే నోట్లోంచి వచ్చే మాట ఏమిటి. ఒక్క పేరు, ఒక్క ఊరు వచ్చిందంటే దాని వెంట పది సంగతులు వస్తాయి. వెళ్లేటప్పుడు ఫోన్ నంబరు రాసుకోండి, మూడు నెలలు ఆగి మళ్లీ ఫోన్ చేయాల్సి ఉంటుంది.

నాన్న సెల్ నంబరును కూడా కొన్నాళ్లు రీఛార్జ్ చేస్తూ ఉండండి. మూడు నెలలు వాడకం లేకపోతే ప్రీపెయిడ్ నంబరు పోయే అవకాశం ఉంది, అది పోతే ఆయన మెయిల్ తెరవడానికి వచ్చే ఓటీపీలు కూడా పోయినట్టే. వాట్సాప్‌లో ఆయన పాత స్నేహితుల గ్రూపులు ఉంటాయి, వాటిలో ఆయన రాసిన మాటలు, పంపిన వాయిస్ మెసేజ్‌లు ముందుగా బ్యాకప్ తీసుకోండి. ఆయన గొంతు రికార్డయి ఉన్నది చాలా ఇళ్లలో అక్కడ ఒక్కచోటే.

ఆయన గది వెంటనే సర్దకండి

పన్నెండో రోజు దాటగానే ఇంట్లో ఎవరో ఒకరు సర్దడం మొదలుపెడతారు. పాత వైర్లు, తుప్పు పట్టిన స్పానర్లు, ఏళ్ల నాటి డైరీలు అన్నీ పాత సామాను కొనేవాడికి వెళ్లిపోతాయి. దయచేసి ఆపండి. ముందు ఆయన టేబుల్, అలమర, గోడకు కొట్టుకున్న మేకులు ఎలా ఉన్నవి అలాగే ఫొటోలు తీయండి. డ్రాయరు తెరిచి పైనుంచి ఒకటి, దగ్గర్నుంచి ఒకటి. స్క్రూలు ఏ సీసాలో, రెసిస్టర్లు ఏ డబ్బాలో, దాని మీద ఏ చేతిరాతతో ఏం అంటించారు అన్నది ఆయన బుర్ర పనిచేసిన తీరు. సామాను కదిలాక అది మళ్లీ దొరకదు.

పనిముట్ల పేర్లు మీకు తెలియకపోవచ్చు. స్లైడ్ రూల్, మినీ డ్రాఫ్టర్, టీ స్క్వేర్, మల్టీమీటర్, వెర్నియర్ వరకు ఇంజనీరింగ్ చదివిన పిల్లలు చెప్తారు, కానీ ఆయన సొంతంగా తయారుచేసుకున్నవి కొన్ని తప్పకుండా ఉంటాయి. ఏదో కడ్డీ వంచి చేసిన కొక్కెం, హ్యాక్సా బ్లేడు ముక్కను అరగదీసి చేసుకున్న కత్తి. వాటిని ఆయన తోటివాళ్లకు చూపించి దేనికి వాడేవారో అడిగి రాసుకోండి. ఇలాంటి వాటికి నేను మెమెంటోల కంటే, శాలువాల కంటే ఎక్కువ విలువ ఇస్తాను.

ఇక డైరీలు. చాలామంది ఇంజనీర్లు మనసులో మాటలు రాసుకునే డైరీలు రాయరు, ఆశపడి తెరిస్తే పాల లెక్క, గ్యాస్ బుక్ చేసిన తేదీ, స్కూటర్ సర్వీసింగ్, ఫలానావాడికి చేబదులు ఇచ్చిన రెండొందలు ఉంటాయి. నిరాశపడకండి, ఆ లెక్కల్లోనే సంసారం అంతా ఉంది. ఏ నెల పిల్లల ఫీజు కట్టారు, ఏ నెల అప్పు చేశారు, చెల్లెలి పెళ్లికి ప్రావిడెంట్ ఫండ్ లోను ఎప్పుడు తీశారు, అమ్మకు చీర కొన్న నెలలో తనకేం కొనుక్కోలేదు, ఇవన్నీ ఓపికగా చూస్తే బయటపడతాయి. ప్రతి పేజీ ఫొటో తీయక్కర్లేదు, ఇల్లు మారిన ఏడాది, పిల్లలు పుట్టిన ఏడాది, పెద్ద జబ్బు చేసిన ఏడాది డైరీలు పూర్తిగా చదవండి.

ఉద్యోగంలో తేదీలు ఎక్కడ దొరుకుతాయి

ప్రభుత్వోద్యోగి అయితే సర్వీస్ రిజిస్టరులో అన్నీ ఉంటాయి, దాని నకలు ఇంట్లో ఉంటే అదృష్టం. లేకపోతే పెన్షన్ పేమెంట్ ఆర్డరు, బదిలీ ఉత్తర్వులు, జాయినింగ్ రిపోర్టు కార్బన్ కాపీలు ఒక ఫైలులో కట్టి ఉంటాయి, ఆ తరంవాళ్లు కాగితం పారేయలేదు. అవీ దొరక్కపోతే పిల్లల టీసీలు తీయండి. ట్రాన్స్‌ఫర్ ఉద్యోగుల పిల్లలు చదివిన బడులే తండ్రి పోస్టింగుల జాబితా. అన్నయ్య ఏ ఊళ్లో పుట్టాడు, అక్క మూడో తరగతి ఏ ఊళ్లో, నాలుగో తరగతి సగంలో ఎక్కడికి మారింది అని వరుసగా వేస్తే సర్వీసు మొత్తం వచ్చేస్తుంది. ఉత్తరాల మీద పోస్టాఫీసు ముద్రలు కూడా ఇందుకే పనికొస్తాయి.

ఆ తర్వాత ఆయన తేదీలను ప్రాజెక్టు తేదీల పక్కన పెట్టండి. నాగార్జునసాగర్‌నే తీసుకుంటే, నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబర్ 10న, ఇందిరాగాంధీ కుడి ఎడమ కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న. "మేం వెళ్లేసరికి కొండ మీద తవ్వకాలు ఇంకా జరుగుతున్నాయి" అని తాతయ్య అనేవారంటే ఆయన 1960 దాటకముందే అక్కడ ఉన్నారని అర్థం, ఎందుకంటే నాగార్జునకొండ తవ్వకాలు 1954లో మొదలై 1960 దాకా జరిగాయి. ప్రకాశం బ్యారేజీ అయితే 1957లో పూర్తయింది. ఇలా పక్కపక్కన పెడితే ఇంట్లో చెప్పుకునే కథల్లో ఏది ఎప్పటిదో తేలుతుంది, కొన్నిసార్లు ఆయన చెప్పినదానికంటే గొప్ప సంగతులు బయటికొస్తాయి.

ఒక విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. "సాగర్ డ్యామ్ మా తాతయ్యే కట్టారు" అని రాయకండి. దాదాపు 124 మీటర్ల ఎత్తున రాతితో కట్టిన ఆ ఆనకట్టను వేలాదిమంది చేతులతో కట్టారు, అందులో పాలమూరు నుంచి కుటుంబాలతో సహా వచ్చిన కూలీలున్నారు, రాయి కొట్టినవాళ్లు, రాయి పేర్చినవాళ్లు ఉన్నారు. ఆయన ఏ భాగంలో, ఏ కాలువ మీద, ఏ సెక్షన్‌లో, ఎన్నేళ్లు చేశారో అంతవరకే రాయండి. అలా కచ్చితంగా రాసినప్పుడే ఆయన గౌరవం నిలుస్తుంది, ఎందుకంటే కొలతలో అబద్ధం ఇంజనీర్లకు అస్సలు గిట్టదు. ఆయన నోట తరచూ వచ్చిన మేస్త్రీ పేరు, చెయిన్‌మన్ పేరు, డ్రైవరు పేరు కూడా అక్కడే చేర్చండి.

ఒక్క పనిని పూర్తిగా రాయండి

అన్నింటికంటే ఎక్కువ ఇష్టంగా నేను చెప్పేది ఇదే. ముప్ఫై అయిదేళ్ల ఉద్యోగాన్ని పోస్టింగుల జాబితాగా రాస్తే ఎవరూ చదవరు. జాబితా చివర్లో ఒక పేజీలో పెట్టేసి, ఆయన రోజూ చేసిన ఒక్క పనిని తీసుకుని, ఇంజనీరింగ్ ఓనమాలు తెలియని మనవరాలికి కూడా అర్థమయ్యేలా మొదటినుంచి చివరిదాకా రాయండి. మీకు తెలియకపోతే ఆయన జూనియర్ ఒకరిని కూర్చోబెట్టి చెప్పించుకోండి. మేం ఎంచుకున్నది లెవెలింగ్, అంటే నేల ఎత్తుపల్లాలు కొలవడం. పుస్తకంలో రాసుకున్నది దాదాపు ఇలా ఉంటుంది:

"నాన్న తెల్లవారకముందే బయల్దేరేవారు. ఎండ ఎక్కితే నేల మీది వేడి గాలి ఆడుతుంది, దుర్భిణిలోంచి చూస్తే దూరంగా నిలబెట్టిన స్టాఫ్ (కొలత గీతలున్న పొడుగు కర్ర) మీద అంకెలు కదులుతున్నట్టు కనపడతాయి, రీడింగు తప్పొస్తుంది. అందుకే ముఖ్యమైన లెవెల్స్ అన్నీ పొద్దున్నే. ముందు ఎత్తు తెలిసిన బెంచ్‌మార్క్ మీద స్టాఫ్ పెట్టించి ఒక రీడింగు, తర్వాత కొత్త చోట పెట్టించి ఇంకో రీడింగు, రెండింటి తేడా వల్ల ఆ కొత్త చోటు ఎంత ఎత్తో పల్లమో తెలుస్తుంది. మళ్లీ పరికరం ముందుకు జరపడం, మళ్లీ చూడడం. అలా మైళ్లకు మైళ్లు. పెద్ద కాలువల్లో పది కిలోమీటర్లకు ఒక మీటరే వాలు ఉండేవి ఉన్నాయి, నీళ్లు ఎవరూ తోయకుండా చివరి ఆయకట్టు దాకా వాటంతటవే వెళ్లాలి. బెత్తెడు తేడా వస్తే చివరి పొలం ఎండిపోతుంది. సాయంత్రం ఇంటికొచ్చి లాంతరు దగ్గర లెవెల్ బుక్కు కూడికలు సరిచూసుకునేవారు, మొదటి ఎత్తుకూ చివరి ఎత్తుకూ లెక్క కలవకపోతే మర్నాడు మళ్లీ అదే దారిలో నడిచేవారు."

ఇందులో నిజాయితీపరుడు, కష్టజీవి అనే మాటలు ఎక్కడా లేవు, అయినా చదివినవాళ్లకు ఆయన తెలిసిపోతారు. మీ నాన్నగారు ట్రాన్స్‌ఫార్మర్లు చూసేవారైతే ఆయిల్ పరీక్ష, లేత్ మీద చేసేవారైతే ఒక షాఫ్టు తిప్పడం, రోడ్ల వారైతే ఎం.బుక్‌లో (చేసిన పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్కు) కొలతలు ఎక్కించి డీఈ చెక్ మెజర్‌మెంటుకు నిలబడిన రోజు. ఎం.బుక్ ఆఫీసుది కాబట్టి ఇంట్లో ఉండదు, కానీ సొంత ఫీల్డు నోటుబుక్కులు ఉంటాయి, వాటి అట్టల వెనక ఆయన వేసుకున్న స్కెచ్‌లు ఉంటాయి. అందులో మంచిది ఒకటి స్కాన్ చేసి ఈ పేజీ పక్కనే వేయండి. ఇంట్లో డ్యాము, పవర్ హౌసు ఆఫీసు డ్రాయింగులు ఏవైనా దొరికితే మాత్రం వాటిని ఆన్‌లైన్‌లో పెట్టకండి.

సరదా గురించి రాసేటప్పుడు

హాబీని "ఆయనకు రేడియో అంటే ఎంతో మక్కువ" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. నిజానికి మనిషి తన ఇష్టంతో, ఎవరూ జీతం ఇవ్వకుండా చేసింది అదే కదా, దానికి చోటు ఎక్కువ ఇవ్వాలి. హామ్ రేడియో నాకు తెలుసు కాబట్టి దాని గురించే చెప్తాను.

హామ్ రేడియో నడిపే మనిషినీ హామ్ అనే అంటారు. హామ్‌కు కేంద్ర ప్రభుత్వం లైసెన్సుతోపాటు ఒక కాల్‌సైన్, అంటే గాలిలో ఆయన్ని గుర్తుపట్టే అక్షరాలు, అంకెల పేరు ఇస్తుంది, మన దేశంలో అవి ఎక్కువగా వీయూ2, వీయూ3తో మొదలవుతాయి. ప్రపంచంలో ఆ కాల్‌సైన్ ఆయనొక్కరిదే, స్నేహితులు చాలామందికి అసలు పేరుకంటే అదే బాగా తెలుసు, అందుకని పుస్తకం మొదటి పేజీలో పేరు కింద దాన్ని వేయండి. హామ్ చనిపోతే తోటివాళ్లు ఆయన్ని సైలెంట్ కీ అంటారు, మోర్స్ కొట్టే కీ ఆగిపోయిందని. ఆయన క్లబ్బుకు కబురు చేయండి, వాళ్లు గాలిలో ఆ వార్త చెప్పుకుంటారు, అప్పుడు మీకు తెలియని ఊళ్ల నుంచి ఉత్తరాలు వస్తాయి.

తర్వాత లాగ్ బుక్కు, క్యూఎస్ఎల్ కార్డులు. ఎప్పుడు ఎవరితో మాట్లాడారో రాసుకునేది లాగ్ బుక్కు. ఒకరితో ఒకరు మాట్లాడుకున్నందుకు గుర్తుగా పోస్టులో పంపుకునేవి క్యూఎస్ఎల్ కార్డులు, తేదీ, సమయం, ఫ్రీక్వెన్సీ, సిగ్నల్ ఎలా వినపడిందో చెప్పే అంకె, కింద 73 అని ఉంటుంది, అంటే శుభాకాంక్షలు. సమయం మన గడియారం ప్రకారం ఉండదు, ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం యూటీసీలో ఉంటుంది, దానికి అయిదున్నర గంటలు కలపాలి. కార్డు మీద 1830 అని ఉంటే మనకు సరిగ్గా అర్ధరాత్రి. 2100 అంటే తెల్లవారుజామున రెండున్నర, తేదీ కూడా మనకు మర్నాటిది. ఇలా మార్చి చూసుకుంటే మీరు పదో తరగతి పరీక్షలకు చదువుకుంటున్న రాత్రి పక్క గదిలో నాన్న ఏ దేశంవాళ్లతో మాట్లాడుతున్నారో తెలుస్తుంది. కార్డులను దేశాల వారీగా కాకుండా ఏడాదుల వారీగా పేర్చండి, అప్పుడవి ఆయన జీవితం పక్కన నడుస్తాయి.

లాగ్ బుక్కులో తుఫాన్ల తేదీలు వెతకండి. దివిసీమ ఉప్పెన 1977 నవంబర్ 19, కోనసీమ తుఫాను 1996 నవంబర్ 6. ఫోన్లు పడిపోయినప్పుడు వార్తలు చేరవేసింది చాలాచోట్ల హామ్‌లే. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీప్రసాద్ గారి బృందం అప్పటికే అండమాన్‌లో ఉంది, పోర్ట్ బ్లెయిర్ నుంచి ఎవరు క్షేమమో ఎవరి జాడ తెలియలేదో వాళ్లే బయటికి చెప్పారు. మీ నాన్నగారు అలాంటి రోజుల్లో రేడియో దగ్గర కూర్చుని ఉంటే ఆ పేజీ పూర్తిగా స్కాన్ చేసి పెట్టండి.

ట్రాన్స్‌మిటర్ సంగతి వేరు. లైసెన్సు లేనివాళ్లు దాన్ని ఉంచుకోవడం కుదరదు, అందుకని ఫొటోలు తీసుకుని, క్లబ్బువాళ్ల సలహాతో లైసెన్సున్న మరో హామ్‌కు ఇచ్చేయండి. మోర్స్ కీ, హెడ్‌ఫోన్లు ఇంట్లో ఉంచుకోండి. పిల్లల్లో ఎవరికైనా ఇష్టం ఉంటే పరీక్ష రాయించండి.

వేరే సరదాలకైనా రెండు ప్రశ్నలు అడగండి. ఆయన దీన్ని ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎవరికి నేర్పారు. రెండోదానికి జవాబు కోసం వీధిలో తిరగాల్సి రావచ్చు, ఆ పక్క సందులో టీవీ రిపేరు షాపు పెట్టుకున్నాయన చిన్నప్పుడు మీ ఇంటి వరండాలో సోల్డరింగ్ నేర్చుకుని ఉండొచ్చు. ఇంకొకటి, సగంలో ఆగిపోయిన పని తప్పకుండా ఉంటుంది. విప్పి పెట్టిన మర్ఫీ రేడియో, సగం నింపిన స్టాంపుల ఆల్బమ్. దాన్ని అలాగే ఫొటో తీసి, ఎక్కడిదాకా వచ్చిందో, తర్వాత ఏం చేయబోతున్నారో తెలిసినవాళ్లతో రాయించండి.

అమ్మని అడగడం

జనంలో అడగకండి. అందరి ముందూ అమ్మ "ఏముంది చెప్పడానికి, ఆయన పని ఆయనది, నా పని నాది" అంటుంది. మధ్యాహ్నం పనులన్నీ అయ్యాక, కూరగాయలు తరుగుతున్నప్పుడో పూలు కడుతున్నప్పుడో పక్కన కూర్చోండి. పాత ఆల్బమ్ ఒకటి మధ్యలో పెట్టండి, ఫొటో చూపిస్తే మాట దానంతటదే వస్తుంది. పెళ్లయ్యాక మొదట వెళ్లిన క్వార్టర్ ఎలా ఉండేది? సాగర్ అయితే హిల్ కాలనీయా పైలాన్ కాలనీయా, లేక అవతలి ఒడ్డున విజయపురి సౌతా? నీళ్లు ఎక్కడ పట్టుకునేవారు, పాము వస్తే ఎవరిని పిలిచేవారు, జీతం ఏ రోజు తెచ్చి ఎవరి చేతికిచ్చేవారు, ఇద్దరూ దేని గురించి పోట్లాడుకునేవారు, ఎవరు ముందు మాట్లాడేవారు?

ఇంటిని ప్రేమించిన మనిషి అని రాయడం సులువు. అది ఎలా కనపడిందో పట్టుకోవాలి. వేరే ఊళ్లో క్యాంపులో ఉండి ఇంటికి పంపిన మనియార్డరు కూపన్ మీద ఉన్న కాస్త చోటులోనే చిన్న అక్షరాలతో పిల్లల జ్వరం తగ్గిందా అని రాసి ఉంటారు. ఇన్‌లాండ్ లెటర్ మడత మీద కూడా చోటు వదలకుండా రాసి ఉంటారు. ఆ కూపన్లు అమ్మ ట్రంకుపెట్టెలో అడుగున ఉండే అవకాశం ఎక్కువ. అమ్మ ఒప్పుకుంటేనే తీయండి, అమ్మ వద్దన్న ఉత్తరం పుస్తకంలోకి రాకూడదు.

ఆయన ఇంట్లో లేని రోజుల గురించీ రాయండి. పండక్కి సైటులో కాంక్రీటు పడుతోందని రాలేకపోయారు, కూతురు పుట్టిన నాలుగో రోజుకి వచ్చి చూశారు. ఆ రోజుల్లో ఇల్లు నడిపింది అమ్మ, ఆమె పని కూడా ఈ పుస్తకంలో పేరుపెట్టి ఉండాలి. కోపం, సిగరెట్లు, మొండితనం, ఇవి కూడా ఇంట్లో అందరూ ఒప్పుకున్నంత మేరకు ఉంటేనే మనిషి మనిషిలా ఉంటారు. ఆస్తి తగాదాలు, వేరేవాళ్ల గుట్టు మాత్రం వద్దు.

తోబుట్టువులు డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటే ఫొటోలు గుర్తుపట్టే పని వాళ్లకివ్వండి. వారానికి పది ఫొటోలు గ్రూపులో పెట్టి, ఎవరెవరు, ఎక్కడ, ఏ సందర్భం అని అడిగితే చాలు. దూరంగా ఉన్నవాళ్లకు కూడా నాన్న కోసం ఏదో చేశామన్న తృప్తి ఉంటుంది.

ఫొటోలు, కాగితాల సంగతి

ఇది త్వరగా చెప్పేస్తాను. చిన్న సైజు పాత ఫొటోలు 600 డీపీఐలో స్కాన్ చేయించండి, నెగటివ్‌లు దొరికితే వాటినుంచే ఇంకా ఎక్కువలో చేయించండి. జిగురు ఆల్బమ్‌కు అతుక్కుపోయినవి లాగకండి, ఉన్నవి ఉన్నట్టే స్కాన్ చేయండి. లామినేషన్ వద్దు. ఫొటో వెనక బాల్‌పెన్నుతో రాయకుండా మెత్తటి పెన్సిలుతో తేలిగ్గా రాయండి. అమ్మోనియా ప్రింట్లు (పాత పద్ధతిలో తీసిన డ్రాయింగుల నకళ్లు) ఎండకు వెలిసిపోతాయి, ఫ్రేము కట్టి గోడకు పెట్టాలంటే స్కాన్ తీసిన నకలే పెట్టండి. క్యాసెట్లలో ఆయన గొంతు ఉంటే ఆలస్యం చేయకుండా డిజిటల్ చేయించండి. ఫైలు పేరులో ఏడాది, ఊరు, మనుషుల పేర్లు ఉండాలి, కెమెరా ఇచ్చిన నంబర్లు వదిలేస్తే ఎవరికీ ఏదీ దొరకదు. పెన్షన్ కాగితాలు, ఐడీ కార్డుల ఫొటోలు వేస్తే నంబర్లు చెరిపేయండి.

రాయడం

పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లతో మొదలుపెట్టకండి, అవి రెండో పేజీలో చెప్పొచ్చు. ఆయన పని చేస్తూ కనపడే చోట మొదలుపెట్టండి. ఆఫీసు, హాబీ, ఇల్లు అని మూడు భాగాలుగా కోయడం నాకు ఇష్టం ఉండదు, ఎందుకంటే ఆయన అలా బతకలేదు. సైటులో నేర్చుకున్న లెవెలే ఇంట్లో బాత్‌రూమ్ నేల వేయించేటప్పుడు పట్టుకున్నారు, రేడియోలో నేర్చుకున్న ఓపికే మీకు భిన్నాలు చెప్పేటప్పుడు వచ్చింది. కాలం వరుసలో వెళ్తూ మూడూ కలిపే రాయండి.

ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే రాయండి. ఆయన్ని మీరు నాన్న అనేవారైతే పుస్తకమంతా నాన్న అనే ఉండాలి, మధ్యలో "శ్రీయుతులు" రాకూడదు. అక్క రాసిన భాగం అక్క పేరుతో, మనవడు రాసింది తాతయ్య అనే పిలుపుతో ఉండనివ్వండి. ఆయన మాటలు ఆయన యాసలోనే పెట్టండి, దిద్దకండి. బాబాయి చెప్పిందీ, సహోద్యోగి చెప్పిందీ కలవకపోతే రెండూ ఇవ్వండి, ఎవరు చెప్పారో రాయండి. ఏడాది కచ్చితంగా తెలియనప్పుడు "సాగర్‌లో నీళ్లు వదిలిన ఏడాది తర్వాత" అంటే సరిపోతుంది, ఊహించి అంకె వేయకండి.

ముప్ఫై నలభై పేజీలు చాలు. సంవత్సరీకాన్ని గడువుగా పెట్టుకుంటే పని పూర్తవుతుంది. సంస్మరణ సభలో మాట్లాడాల్సి వస్తే పుస్తకమంతా చెప్పబోకండి, ఆ ఒక్క పని గురించి రాసుకున్న పేజీ నిలబడి నెమ్మదిగా చదవండి. మా సభలో నలుగురు పెద్దవాళ్లు ఆ పేజీ విన్నాకే లేచి, తామేం చూశారో చెప్పారు.

ప్రింటు వేయించేటప్పుడు

డీటీపీ సెంటర్‌లో చాలాచోట్ల ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొడతారు. ప్రింటు బాగానే వస్తుంది కానీ, ఆ ఫైలు రేపు మీ ఫోన్‌లో తెరిస్తే గీతలు, చుక్కలే కనపడతాయి, వెతికితే ఒక్క మాట దొరకదు. అందుకని ముందు మీరే ఫోన్‌లో యూనికోడ్ తెలుగులో టైపు చేసి, ఆ ప్రతిని మీ దగ్గర ఉంచుకుని, తర్వాతే డీటీపీకి ఇవ్వండి. డిజిటల్ ప్రింటింగ్‌లో పాతిక, యాభై కాపీలైనా వేస్తారు. పీడీఎఫ్, స్కాన్లు, ఆడియో అన్నీ కలిపి కనీసం ఇద్దరు తోబుట్టువుల ఇళ్లలో వేరువేరు హార్డ్ డిస్కుల్లో ఉండాలి, ఆన్‌లైన్‌లో ఒకచోట ఉండాలి, దాని పాస్‌వర్డ్ ఇంట్లో ముగ్గురికైనా తెలియాలి.

మొదటి కాపీలు సంగతులు చెప్పినవాళ్లకు పంపండి. చూపు తగ్గినవాళ్లకు ఆ ఇంటి పిల్లలతో చదివించమని చెప్పండి. ఆయన చదివిన కాలేజీ లైబ్రరీకి, పనిచేసిన కాలనీ క్లబ్బుకు, హామ్ క్లబ్బుకు ఒక్కోటి ఇవ్వండి. చివరి పేజీలో మీ ఫోన్ నంబరు వేయండి, ఎందుకంటే చదివాక ఫోన్లు వస్తాయి, "అది డీఈ గారు కాదమ్మా, ఎస్ఈ గారు" అనో "ఆ ఫొటోలో మీ నాన్న పక్కన ఉన్నది నేనే" అనో. రికార్డర్ దగ్గర పెట్టుకుని ఉండండి, రెండో ముద్రణలో సగం సంగతులు ఆ ఫోన్ల నుంచే వస్తాయి.